బస్సులో కాలేజీకి – మొదటి సంవత్సరం

(సంఘ వార్షిక సభలో చేసిన ప్రసంగ పాఠం)



కార్యదర్శి గారు నన్ను "విద్య యొక్క ప్రాముఖ్యం" గురించి మాట్లాడమన్నారు. విద్య గొప్పదని ఈ సభలో ఎవరికీ కొత్తగా చెప్పనక్కరలేదు. కష్టపడి ఫీజులు కడుతున్న తండ్రులకు అది నాకన్నా బాగా తెలుసు. అందుకని వారి అనుమతితో విషయాన్ని కొంచెం కుదించుకున్నాను. రోజూ ఊరి నుండి బస్సులో కాలేజీకి వెళ్లి సాయంత్రం తిరిగి వచ్చే విద్యార్థికి మొదటి సంవత్సరం ఎలా గడుస్తుంది, ఎక్కడ తట్టుకుంటుంది, మనం ఏం చేయగలం అన్నంతవరకే మాట్లాడతాను.

నేను ఉర్దూ మాధ్యమ పాఠశాలలో ఉపాధ్యాయుణ్ణి. నా దగ్గర చదివిన పిల్లలు ఇంటర్ అయ్యాక డిగ్రీలో చేరినప్పుడు వచ్చి చెప్పిపోతారు. ఆ రోజు వాళ్ల ముఖాల్లో వెలుగు చూడాలి. ఆరు నెలలయ్యాక అదే పిల్లల్లో కొందరు బజారులో ఎదురైతే తల వంచుకుని పక్క సందులోకి తిరిగిపోతారు. ఎవరో చెబుతారు, "సార్, వాడు మానేశాడు, రొయ్యల చెరువు దగ్గర పనికి పోతున్నాడు" అని. పని తక్కువదని నేననను. పని చేసుకునే వాడి ముందు తల వంచవలసింది మనమే. కాని చదవగలిగిన వాడు, చదవాలని చేరినవాడు ఎందుకు మానేశాడన్నది మనం అడగవలసిన ప్రశ్న.

దేశం మొత్తం లెక్క ఒకటి చెబుతాను. 2006లో వచ్చిన సచార్ కమిటీ నివేదికలో, ఇరవై ఏళ్లు దాటిన వారిలో డిగ్రీగాని డిప్లొమాగాని ఉన్నవారు దేశ జనాభాలో నూటికి సుమారు 7 మంది అయితే, ముస్లింలలో నూటికి 4 మంది కూడా లేరని రాశారు. అది 2001 జనాభా లెక్కలను బట్టి చెప్పిన మాట. అప్పటి నుండి కాలం మారింది, మన పిల్లలు ఎక్కువమందే చేరుతున్నారు. కాని చేరిన వారి లెక్క ఒకటి, నిలిచిన వారి లెక్క ఒకటి. ఈ రెండింటి మధ్య ఉన్నదే మొదటి సంవత్సరం.

మన జిల్లాలో కాలేజీ అంటే మొదటి నుండి పట్నం మాటే. నెల్లూరులో వి.ఆర్. కాలేజీ 1920లో ఏర్పడింది. కావలిలో జవహర్ భారతి 1951లో వచ్చింది. విద్యానగర్‌లో ఇంజనీరింగ్ కళాశాల 1979లో పెట్టారు. 2008లో విక్రమ సింహపురి విశ్వవిద్యాలయం వచ్చి, ఇప్పుడు కాకుటూరు దగ్గర నడుస్తున్నది. అంతకు ముందు డిగ్రీ పట్టా కావాలంటే తిరుపతి వైపు చూడవలసి వచ్చేది. ఇలా చదువు దగ్గరకు వచ్చింది, నిజమే. కాని అల్లూరు, విడవలూరు, ఇందుకూరుపేట, మైపాడు, తోటపల్లి గూడూరు, ముత్తుకూరు వైపు ఊళ్ల పిల్లలకు ఇప్పటికీ ఆ దగ్గర అన్నది ఒక బస్సు దూరమే. హాస్టల్లో ఉండగలిగే వారు కొందరే. తక్కినవారంతా పొద్దున్నే ఇంట్లో నాలుగు ముద్దలు తిని, టిఫిను కట్టుకుని, రోడ్డు మీద నిలబడేవారే.

ఇప్పుడు అసలు మాటకు వస్తాను. కాలేజీకి వెళ్లి రావడం వేరు, కాలేజీలో ఉండడం వేరు. హాస్టలు పిల్లవాడు కాలేజీలో ఉంటాడు. మన డే స్కాలరు పిల్లవాడు కాలేజీకి వెళ్లి వస్తాడు. పాఠాలు ఇద్దరికీ ఒకటే, గురువులు ఒకటే, పరీక్ష ఒకటే. కాని పాఠానికి ముందు అరగంట, పాఠం తరువాత గంట, రాత్రి భోజనం దగ్గర "ఒరే, పొద్దున సార్ ఏం చెప్పాడ్రా" అని అడుక్కునే మాట, ఇవన్నీ హాస్టలు వాడికి ఉంటాయి. మన పిల్లవాడికి ఆ వేళలో బస్సు ఉంటుంది. తెలివి తక్కువై వెనుకబడే వాడు తక్కువ. ఈ చివరి గంటలు లేక వెనుకబడే వాడే ఎక్కువ.

ఒక చిన్న లెక్క వేద్దాం. నేను ఉపాధ్యాయుణ్ణి గదా, లెక్క లేనిదే నాకు మాట నిలవదు. సెమిస్టరుకు 90 పనిదినాలు అనుకోండి. హాజరు నూటికి 75 ఉండాలి. అంటే 22 రోజులు పోయినా ఫరవాలేదని పిల్లవాడు అనుకుంటాడు. రోజుకు ఆరు పీరియడ్లయితే సెమిస్టరుకు మొత్తం 540. అందులో పోగొట్టుకోదగినవి 135. ఇప్పుడు మీ ఊరి బస్సు రోజూ పదిహేను నిమిషాలు ఆలస్యంగా వచ్చి మొదటి పీరియడు పోతున్నదనుకోండి. ఒక్క సెలవు పెట్టకపోయినా 90 పీరియడ్లు పోయినట్టే. మిగిలింది 45. మొదటి పీరియడు ఎలాగూ పోయిందే గనుక, రోజుకు ఐదు చొప్పున తొమ్మిది రోజులు. జ్వరానికీ, మేనమామ కూతురి పెళ్లికీ, పండుగ ప్రయాణానికీ, వానకూ అన్నిటికీ కలిపి తొమ్మిది రోజులే! రోజూ కాలేజీకి వెళ్తున్న పిల్లవాడికి హాజరు చాలలేదంటే తండ్రి నమ్మడు. "నువ్వు ఎక్కడో తిరుగుతున్నావు" అని కొడతాడు. పిల్లవాడు ఎక్కడా తిరగలేదు. బస్సులో ఉన్నాడు.

వాన మాట అన్నాను. మన తీరానికి పెద్ద వానలు అక్టోబరు నుండి డిసెంబరు దాకా. మొదటి సెమిస్టరు ముగింపుకు వచ్చే రోజులు సరిగ్గా అవే. 2021 నవంబరులో పెన్నకు వరద వచ్చినప్పుడు కోవూరు వైపు జాతీయ రహదారి తెగింది, పడుగుపాడు దగ్గర రైలు కట్ట కొట్టుకుపోయింది, బండ్లన్నీ ఆగిపోయినాయి. అంత పెద్ద వరద ప్రతి ఏడూ రాదు. కాని కాలువ పొంగి ఊరి దారి మునగడం ప్రతి ఏడూ ఉన్నదే. కాబట్టి పిల్లలారా, జూలై, ఆగస్టు, సెప్టెంబరు నెలల్లో ఒక్క రోజు కూడా వృథాగా మానకండి. ఎండ ఉన్నప్పుడే వానకు దాచుకోవాలి. ఇంకొక మాట. మీ ఊరి బస్సు వేళ ఇదీ అని మొదటి వారంలోనే మీ క్లాసు లెక్చరరుకు కాగితం మీద రాసి ఇవ్వండి. పరీక్ష ముందు చెబితే సాకు అవుతుంది, మొదట్లో చెబితే సమాచారం అవుతుంది. జుమ్మా నమాజు వేళ సంగతి కూడా అప్పుడే మర్యాదగా చెప్పుకోండి. ఎవరో చెప్పిపెడతారులే అనుకోకండి.

బడికీ కాలేజీకీ ఉన్న పెద్ద తేడా ఇక్కడే ఉన్నది. మా బడిలో పిల్లవాడు రెండు రోజులు రాకపోతే నేను వాళ్ల ఇంటికి కబురు పంపుతాను, లేదా సాయంత్రం నేనే వెళ్లి "ఏమ్మా, అబ్బాయి ఏడీ" అని అడుగుతాను. కాలేజీలో అలా ఇంటికి వచ్చి అడిగేవారు ఉండరు. వారిది తప్పని కాదు. అక్కడ వందల మంది. పిలిచి అడిగేవారు లేని చోట తానే వెళ్లి అడగడం నేర్చుకోవాలి. మన పిల్లలకు ఇది కష్టం. పెద్దల ముందు నోరు విప్పకపోవడమే మర్యాద అని మనం పెంచాం. క్లాసు అయ్యాక లెక్చరరు దగ్గరకు వెళ్లి "సార్, ఈ ముక్క అర్థం కాలేదు" అనడం అమర్యాద కాదని మనమే ఇంట్లో చెప్పాలి.

ఇక భాష సంగతి. ఇది నా సొంత పొలం గనుక కొంచెంసేపు ఇక్కడ నిలబడతాను. మన రాష్ట్రంలో 2021-22 విద్యా సంవత్సరం నుండి డిగ్రీ కోర్సులన్నీ ఇంగ్లీషు మాధ్యమంలోకి మార్చారు. ఉర్దూ మాధ్యమంలో పది చదివిన పిల్లవాడు మొదటి రోజు సైన్సు క్లాసులో కూర్చుంటాడు. లెక్చరరు ఫొటోసింథసిస్ అంటాడు. పక్కవాడు ఓహో కిరణజన్య సంయోగక్రియా అనుకుంటాడు. మనవాడికి ఆ రెండు మాటలూ కొత్తే. కాని అదే సంగతిని వాడు "జియాయీ తాలీఫ్" అని బడిలో చదివాడు, బొమ్మ వేశాడు, మార్కులు తెచ్చుకున్నాడు. యాసిడ్ అంటే తెలియదు, "తుర్షా" అంటే తెలుసు. గ్రావిటీ అంటే తెలియదు, "కశిశె సఖ్ల్" అంటే తెలుసు. అంటే వాడికి విషయం వచ్చు, పేరు రాదు. పేరు రాకపోవడాన్ని వాడు విషయం రాకపోవడమని పొరబడి, "నాకు బుర్ర లేదు" అనుకుంటాడు. చాలామంది మానేయడానికి మొదటి మెట్టు ఈ మాటే.

ఉర్దూలో పెద్ద చదువులు చెప్పలేరని ఎవరైనా అంటే నమ్మకండి. హైదరాబాదులో ఉస్మానియా విశ్వవిద్యాలయం 1918లో ఉర్దూ మాధ్యమంలోనే మొదలైంది. దానికోసం ముందుగానే అనువాద శాఖ ఒకటి పెట్టి శాస్త్ర గ్రంథాలను ఉర్దూలోకి తెచ్చారు. కర్నూలులో డాక్టర్ అబ్దుల్ హఖ్ గారు 1947లో ఉస్మానియా కళాశాల నెలకొల్పారు. హైదరాబాదులో మౌలానా ఆజాద్ పేరుతో జాతీయ ఉర్దూ విశ్వవిద్యాలయం 1998లో వచ్చింది. కాబట్టి మన భాష చదువుకు అడ్డమని సిగ్గుపడనక్కరలేదు. ఒక గట్టు నుండి ఇంకొక గట్టుకు దాటడానికి పడవ కావాలి, అంతే.

ఆ పడవ ఏమిటంటే ఒక నూరు పేజీల నోటు పుస్తకం. పేజీకి మూడు గళ్లు గీయండి. మొదటి గడిలో ఉర్దూ మాట, రెండో గడిలో తెలుగు మాట, మూడో గడిలో ఇంగ్లీషు మాట. రోజుకు ఐదు మాటలు చాలు. 90 రోజులకు 450 మాటలవుతాయి. మొదటి సెమిస్టరులో ఒక సబ్జెక్టు అర్థం కావడానికి అన్ని మాటలు చాలావరకు సరిపోతాయి. తెలుగు గడిని వదిలేయకండి. పక్క బెంచీ స్నేహితుడు మీకు పాఠం విడమర్చి చెప్పేది తెలుగులోనే. పిల్లలకు ఉర్దూ మాట గుర్తు రాకపోతే నా దగ్గరకు రండి. ఆదివారాలు ఇంట్లోనే ఉంటాను.

బస్సులో పోయే కాలం గురించి కూడా ఒక మాట. పోను గంట, రాను గంట అనుకుంటే సెమిస్టరుకు 180 గంటలు. ఆ గంటలన్నీ చదువుకోండి అని చెప్పడం తేలిక. ఒంటికాలి మీద నిలబడి, ఒక చేత్తో కమ్మీ పట్టుకుని, భుజాన సంచీ వేసుకుని పుస్తకం చదివినవారు ఉంటే నాకు చూపించండి. పొద్దున బస్సులో చేయగలిగింది ఒకటుంది. కళ్లు మూసుకుని నిన్నటి పాఠంలోని అంశాలను వరుసగా గుర్తు చేసుకోవడం. గుర్తు రానిది ఏదో తెలిస్తే, ఆ రోజు అడగవలసింది ఏదో తెలిసినట్టే. సాయంత్రం బస్సులో సీటు దొరికితే నిద్రపోండి. తప్పులేదు. ఆ అరగంట నిద్ర ఇంటికి వెళ్లాక గంట చదువుగా తిరిగి వస్తుంది. ఫోనులో బొమ్మలు చూస్తూ కూర్చుంటే మాత్రం అటు నిద్రా లేదు, ఇటు చదువూ లేదు.

మధ్యలో లీజరు పీరియడ్లు ఉంటాయి. డే స్కాలరుకు కాలేజీలో నిజంగా మిగిలే కాలం అదొక్కటే. దాన్ని గేటు ముందు టీ బంకు దగ్గర పోగొట్టుకోవద్దు. రోజుకు ఒక్క లీజరయినా లైబ్రరీలో కూర్చుని, పొద్దున రాసుకున్న నోట్సు సాపు చేసుకోండి. పోయిన మొదటి పీరియడు నోట్సు అదే రోజు ఎక్కించుకోండి. అందుకు హాస్టల్లోనో పట్నంలోనో ఉండే స్నేహితుడు ఒకడు కావాలి. మన ఊరి పిల్లలు మన ఊరి పిల్లలతోనే గుంపుగా కూర్చుని, గుంపుగా తిని, గుంపుగా బస్సెక్కితే అందరికీ అదే పీరియడు పోతుంది, ఎవరి దగ్గరా నోట్సు ఉండదు. మీ గుంపును వదలమనను. బయట ఒక్కడినైనా చేర్చుకోమంటాను. వాడు ఏ కులమైనా, ఏ మతమైనా సరే. రొట్టెల పండుగకు బారాషహీద్ దర్గా దగ్గర స్వర్ణాల చెరువులో అందరూ పక్కపక్కన నిలబడి రొట్టెలు మార్చుకునే ఊరు మనది. నోట్సు మార్చుకోవడానికి మొహమాటం ఎందుకు?

కొత్తవారికి ర్యాగింగు భయం ఉంటుంది. మన రాష్ట్రంలో దాన్ని నిషేధిస్తూ 1997లోనే చట్టం వచ్చింది. 2009లో యు.జి.సి. కూడా నిబంధనలు చేసింది. ఎవరైనా వేధిస్తే దాచుకుని బస్సెక్కి వచ్చేయకండి. ఆ రోజే ప్రిన్సిపాలుకు చెప్పండి, ఇంట్లో చెప్పండి. 1800-180-5522 అనే నంబరుకు ఉచితంగా ఫోను చేయవచ్చు.

ఇక ఆడపిల్లల సంగతి. ఇక్కడ కూర్చున్న తండ్రులారా, మీ మనసులో ఉన్న మాట నాకు తెలుసు. డిసెంబరులో మన తీరాన సాయంత్రం ఐదూ నలభై ప్రాంతానికే పొద్దు గుంకుతుంది. నాలుగున్నరకు కాలేజీ వదిలి, ఒక బస్సు తప్పిందంటే బిడ్డ ఊరు చేరేసరికి చీకటి. ఒక రోజు అలా జరిగితే చాలు, మర్నాడు "ఇక చదివింది చాల్లే" అంటారు. 2025 ఆగస్టు 15న మన రాష్ట్రంలో ఆడవారికి ఆర్.టి.సి. బస్సుల్లో ఉచిత ప్రయాణం మొదలైంది. చార్జీల భారం ఆ మేరకు తీరింది. కాని ఆడపిల్లల చదువు ఆగిపోయేది చార్జీ దగ్గర కన్నా, బస్టాపు నుండి ఇంటికి నడిచే ఆ చీకటి దారిలోనే ఎక్కువ. అన్నో, తమ్ముడో, నాన్నో సాయంత్రం బస్టాపు దగ్గరకు వెళ్లి నిలబడితే ఒక డిగ్రీ నిలబడుతుంది. అందుకు పైసా ఖర్చు లేదు. చదువు మాన్పించడానికి ముందు నెల రోజులు ఆ పని చేసి చూడండి.

తల్లులకు ఒక మనవి. బిడ్డ సాయంత్రం ఇంటికి రాగానే "వచ్చావుగా, ఖాళీయేగా, అంగడికి పోయిరా" అంటాం. పొద్దున ఏడింటికి పోయి చీకటి పడ్డాక వచ్చినవాడు ఖాళీగా లేడు. ఆటోవారో, టైలరో ఇలా పన్నెండు గంటలు పనిచేసి వస్తే ఏం చేస్తారు? నీళ్లిచ్చి, కూర్చోమంటారు. మన పిల్లవాడికీ అదే చేయండి. రాత్రి ఎనిమిది నుండి పది దాకా టీవీ ఆపి, ఒక మూల ఒక దీపం వాడికి వదిలేయండి. ఇల్లు చిన్నదైనా ఫరవాలేదు. రెండు గంటలు ఆ మూల వాడిదని ఇంట్లో అందరికీ తెలిస్తే చాలు.

ధ్రువపత్రాల విషయంలో కూడా ముందుచూపు ఉండాలి. సామాజికంగా, విద్యాపరంగా వెనుకబడిన ముస్లిం వర్గాలకు నూటికి 4 వంతున రిజర్వేషను 2007 చట్టంతో వచ్చింది. దానికీ, ఫీజు సహాయానికీ కుల, ఆదాయ పత్రాలు కావాలి. ఆఖరు తేదీ రోజున తహసీల్దారు కార్యాలయం ముందు నిలబడితే పిల్లవాడికి మళ్లీ రెండు రోజుల హాజరు పోతుంది. వేసవి సెలవుల్లోనే ఆ పని పెద్దలు చేసిపెట్టాలి.

చివరగా మన సంఘానికి మూడు మనవులు. మొదటిది, నెల్లూరులో బస్టాండుకు నడిచిపోయే దూరంలో ఒక గది. రెండు బల్లలు, ఫ్యాను, మంచినీళ్లు. కాలేజీ వదిలిన తరువాత బస్సు వచ్చేదాకా పిల్లలు కూర్చుని రాసుకోవడానికి. ఆడపిల్లలకు వేరుగా చోటు. నెల అద్దె మనలో పదిమంది పంచుకుంటే ఎవరికీ బరువు కాదు. పాత పుస్తకాలు తలా ఒకటి ఇస్తే చిన్న లైబ్రరీ కూడా అవుతుంది.

రెండవది, ప్రతి బస్సు దారికీ ఒక పెద్ద విద్యార్థి. రెండో సంవత్సరం, మూడో సంవత్సరం పిల్లల్లో ఒకరు ఆ దారిలోని కొత్త పిల్లలను కనిపెట్టి ఉండాలి. ఎవరైనా మూడు రోజులు బస్సులో కనబడకపోతే సంఘానికి చెప్పాలి. మానేసిన ఆరు నెలల తరువాత మనం ఇంటికి వెళ్లి హితబోధ చేయడం కన్నా, నాలుగో రోజున వెళ్లి "ఏం బేటా, ఎందుకు రాలేదు" అని అడగడం మేలు.

మూడవది, ఆర్.టి.సి. డిపో మేనేజరు గారికి ఒక దరఖాస్తు. బస్సు కావాలని ఊరికే అడిగితే పని జరగదు. ఏ ఊళ్ల నుండి ఎంతమంది పిల్లలు, ఏ కాలేజీలు, పొద్దున ఎన్నింటికి మొదలు, సాయంత్రం ఎన్నింటికి వదిలేది, ఇవన్నీ పట్టికగా రాసి, అన్ని కులాల మతాల పిల్లల పేర్లూ కలిపి, సర్పంచులతో సంతకాలు పెట్టించి, కాలేజీలు తెరవక ముందే ఇవ్వాలి. బస్సు పదిహేను నిమిషాలు ముందుకు జరిగితే ఎన్ని పీరియడ్లు మిగులుతాయో ఇందాక లెక్క వేశాం గదా. ఒక్క పిల్లవాడికి 90. ఆ బస్సులో ముప్పైమంది ఉంటే 2,700. ఒక దరఖాస్తుకు ఇంత ఫలితం ఉంటే రాయడానికి మనకు బద్ధకం ఎందుకు? పట్టిక నేను రాసిపెడతాను. ఊళ్ల పేర్లు, పిల్లల సంఖ్యలు ఈ రోజు సభ అయ్యాక కార్యదర్శి గారి దగ్గర నమోదు చేయించండి.

 ఇక్కడి నుండి కూడా చాలామంది ఆఖరు బస్సు అందుకోవాలి గనుక ఇంతటితో సెలవు తీసుకుంటాను. ఖుదా హాఫిజ్.